ఫుట్‌బాలు క్లబ్బు - జమాఖర్చులు

పల్నాటి పల్లెలలో తిరునాళ్ళ దినములందు బండలాగుడు పందెములు చూడని బాలుడు అరుదు. ఒంగోలు జాతి గిత్తల జత పెద్ద రాతిబండను ఈడ్చుచు ముందునకు సాగుచుండగా, ఇరుప్రక్కల నిలిచిన జనులు కేకలు వేయుచు ఈలలు కొట్టుచు వాటిని ఉత్సాహపరతురు. పండ్లనుబట్టి గిత్తలను తరగతులుగా విభజించి, నిర్ణయించిన కాలములో ఏ జత ఎక్కువ దూరము లాగునో దానికి బహుమతి నిత్తురు. చూడవచ్చినవారికి ఆ కొద్ది నిమిషములే కనబడును. గిత్తల యజమానికి మాత్రము ఏడాదిలోని అన్ని దినములును కనబడును. ఉలవలు, తవుడు, పత్తిచెక్క, చొప్ప, కాపరి జీతము, పశువైద్యుని ఖర్చు, పందెము జరుగు ఊరికి గిత్తలను చేర్చు లారీ కిరాయి, ఇవన్నియు అతని లెక్కలోనివే. వీనిలో పెక్కు పందెమున్న నెలలోను తప్పవు, లేని నెలలోను తప్పవు. బహుమతి వచ్చిన సంవత్సరమందును అది మేతఖర్చునకు చాలుట అరుదు. ఐనను పేరుకొరకు, ముచ్చటకొరకు రైతులు వాటిని పోషించుచునే యుందురు. గెలిచిన జతకు మంచి ధర పలుకును. కొందరు ఆ ధరకు ఆశపడి అమ్మి పాతనష్టము పూడ్చుకొందురు. మరుసటి తిరునాళ్ళకు వారి కొట్టము బోసిపోయి యుండును.

ఈ మాటలను కొంచెము మార్చి వ్రాసినచో ఒక చిన్న ఫుట్‌బాలు క్లబ్బు చరిత్ర అగును. ఒక్క భేదము మాత్రము కలదు. మేత తప్పిన గిత్త వెంటనే రంకె వేయును. జీతము తప్పిన ఆటగాడు చాలనెలలు నోరు మెదపడు. నోరు మెదపినచో తరువాతి ఆటలో తనకు చోటు దొరకదేమోయని అతనికి భయము.

జీతము పుచ్చుకొని ఆడువానిని వృత్తిక్రీడాకారుడందురు. మీ పాఠశాల జట్టులోని బాలుడు సాయంకాలపు గంట కొట్టిన పిదప ఆడును. వానికి ఆట విశ్రాంతి. వృత్తిక్రీడాకారునకు ఆటయే సేద్యము. ఇంటి అద్దె, తల్లిదండ్రుల మందులు, చెల్లెలి చదువు, ఇవన్నియు ఆ కాళ్ళమీదనే ఆధారపడియుండును. ఆ కాళ్ళకు సత్తువ యుండు కాలమా, పదునైదేండ్లకు మించదు. ఒక్కసారి మోకాలు బెణికినచో అందులో ఒక సంవత్సరము తరిగిపోవును. జీవితము అను సంస్కృత పదమునకు వికృతియే జీతము అను మన తెలుగుమాట. వ్యాకరణమందు చదివిన ఈ సంగతి ఆటగాని విషయమున అక్షరాల నిజము.

మన నరసరావుపేటలోగాని, మాచర్లలోగాని, గురజాలలోగాని జీతములిచ్చి ఆడించు ఫుట్‌బాలు క్లబ్బు లేదు. కబడ్డీ, వాలీబాలు, క్రికెట్టు మనవారికి ఎక్కువ పరిచితములు. ఐనను ఈ ప్రాంతపు బాలుడో బాలికయో ఏదేని ఒక ఆటలో నేర్పరియై, రేపు ఒక క్లబ్బువారు వచ్చి ఒప్పందపత్రము చేతికిచ్చుట జరుగవచ్చును. ఆ పత్రములో వ్రాసిన జీతము ఎక్కడనుండి రావలసియున్నదో తెలిసికొనుట అప్పుడు అవసరమగును. కావున ముందుగా ఒక లెక్క వేసి చూతము.

ఇందలి సంఖ్యలు ఏ క్లబ్బువియు కావు, లెక్కకొరకు కల్పించుకొన్నవి. ఒక చిన్న క్లబ్బులో 25 మంది ఆటగాండ్రు కలరనుకొందము. ఒక్కొక్కరికి నెలకు 30,000 రూపాయలు. నెలకు ఏడున్నర లక్షలు, సంవత్సరమునకు 90 లక్షలు జీతములకే కావలెను. పోటీలో ఆ క్లబ్బు తన ఊరిలో ఆడునవి 11 ఆటలు. మిగిలిన 11 ఆటలు పరాయి ఊళ్ళలో జరుగును గనుక, ఆ టిక్కెట్ల రాబడి ఆ ఊరివారిది. సొంత ఊరి ఆటకు 2,000 మంది వచ్చి తలకు 50 రూపాయలు చెల్లించినచో ఆటకు లక్ష, పదునొకండు ఆటలకు 11 లక్షలు. తక్కిన 79 లక్షలు ఎవరిత్తురు? టిక్కెట్టు ధరను నాలుగింతలు చేసినచో చాలదా అని మీలో చురుకైనవారు అడుగవచ్చును. ధర 200 రూపాయలైననాడు రెండువేలమందికి బదులు ఐదువందలమందియే వచ్చినచో, చేతికి వచ్చునది మరల ఆ లక్షయే. పైగా మైదానము వెలవెలబోవును. వెలవెలబోయిన మైదానము ప్రక్కన తన వస్తువుల ప్రకటన వేయించుటకు ఏ వర్తకుడును ముందునకు రాడు.

ఈ లెక్కలో శిక్షకుని జీతము చేర్చలేదు. మైదానము అద్దె, రాత్రి ఆటలకు దీపముల ఖర్చు, వైద్యుడు, బంతులు, బూట్లు చేర్చలేదు. ప్రయాణములనైతే తలపెట్టనేలేదు. ఇంగ్లాండువంటి చిన్న దేశములో జట్టు ఉదయము బస్సెక్కి, ఆట ముగించుకొని, రాత్రికి ఇల్లు చేరవచ్చును. మన దేశము అట్టిది కాదు. ఐ-లీగు అను పోటీలో ఒకప్రక్క శ్రీనగరమునుండి రియల్ కాశ్మీరు, మరియొకప్రక్క మిజోరమునుండి ఐజ్వాలు ఆడెను. హైదరాబాదునుండి అంతదూరమునకు ముప్పదిమంది విమానములో పోయి, హోటలులో బసచేసి రావలెను. అక్కడ ఆడునది తొంబది నిమిషములు.

రాబడికి వేరు మార్గములు లేకపోలేదు. చొక్కాలమీద కంపెనీ పేరు ముద్రించుకొన్నందులకు వచ్చు సొమ్ము ఒకటి, టెలివిజనువారు ఇచ్చు సొమ్ములో భాగము ఒకటి, ఆటగాండ్రను పెద్దక్లబ్బులకు పంపినపుడు వచ్చు ధర ఒకటి. పెద్ద క్లబ్బులకు ఇవి నదులు. చిన్న క్లబ్బులకు వానకాలపు వాగులు. ఒక ఏడు పొంగును, ఒక ఏడు ఎండును. జీతము మాత్రము నెలనెలా ఇవ్వవలసినదే.

మన తెలుగునాట ఈ చిక్కును ఒకకాలమున చక్కగా దాటించిన పద్ధతి యుండెను. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను ఉపాధ్యాయుడుండెను. ఆయన 1943 మొదలు 1963లో మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా ఉండెను. 1950లో నగర పోలీసు జట్టునకు శిక్షకుడై, ఆ సంవత్సరము మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును ఆ జట్టుచేత గెలిపించెను. భారతజట్టునకు ఆయనయే శిక్షకుడుగా నుండగా 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో మనకు స్వర్ణపతకములు వచ్చెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు నాలుగవ స్థానము పొందెను. బడిపంతులు ఇంతపని చేసెనని చెప్పుకొనుట పంతుళ్ళకు కొంత గర్వకారణమే. ప్రస్తుతము మనకు కావలసినది ఆ విజయములు కాదు, ఆ ఆటగాండ్ర జీతముల సంగతి.

వారు పోలీసు ఉద్యోగులు. జట్టు గెలిచినను ఓడినను నెలజీతము వచ్చుచుండెను. చూడవచ్చినవారి సంఖ్యకును ఆ జీతమునకును సంబంధములేదు. ఆట చాలించిన తరువాతను ఉద్యోగముండెను, ఉద్యోగము ముగిసిన తరువాత పింఛను ఉండెను. దేశములో రైల్వేలు, బ్యాంకులు, సైన్యశాఖలు, మిల్లులు ఈ విధముగనే జట్లను పోషించెను. అట్లని ఆ జట్లకు లోటు లేదనుకొనరాదు. ఆ లోటు ఒక పెద్ద సంస్థయొక్క పద్దులలో చక్కెర నీటిలో కరిగినట్లు కలిసిపోయి, ఎవరి కంటికిని కనబడకుండెను. 1956లోను 1957లోను హైదరాబాదు, 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచినది అట్టి ఉద్యోగుల బలముచేతనే.

ఆ పద్ధతికిని ఒక హద్దుండెను. కలకత్తాలోని పెద్ద క్లబ్బులకు పేరును, ప్రేక్షకులును ఎక్కువ. సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బునకు పోయెను. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఆ దారినే పట్టిరి. ఆ కాలమున మనదేశములో ఆటగాండ్రు పేరునకు ఔత్సాహికులే గనుక, వారు వెడలినపుడు పాతజట్టునకు ధర అను మాటయే లేదు. క్రమముగా సంస్థలు ఆటగాండ్రకు ఉద్యోగములిచ్చుట తగ్గించుకొనగా, పోషకులు లేని జట్లు ఒక్కొక్కటిగా సన్నగిల్లెను.

పిదప మనదేశమున 2014లో ఇండియన్ సూపర్ లీగు ప్రారంభమయ్యెను. అందు క్లబ్బులు వ్యాపారసంస్థలు. ఆటగాండ్రు ఉద్యోగులు కారు, ఒప్పందము ఉన్నంతకాలమే జీతము. 2019 ఆగష్టు 27వ తేదీన హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బు ఆ లీగునకు స్థాపింపబడెను. అంతకుముందు ఆ స్థానమున పుణె నగర క్లబ్బుండెను. అది ఐదు సంవత్సరములాడి మూతపడగా, ఆ ఖాళీ మనకు వచ్చెను. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియమును క్రొత్తక్లబ్బు తన మైదానముగా చేసికొనెను. ఒక ఊరి క్లబ్బు మూతపడుట మరియొక ఊరి పండుగ అయ్యెను. ఆనాడు దానిని ఎవరును అంతగా పట్టించుకొనలేదు.

మొదటి సంవత్సరము క్లబ్బు చిట్టచివరి స్థానమున నిలిచెను. తరువాత కరోనా వచ్చెను. రెండు సంవత్సరములు పోటీలన్నియు గోవాలోనే, ప్రేక్షకులు లేకుండ జరిగెను. కట్టకడపటి ఫైనలుకు మాత్రమే జనులను రానిచ్చిరి. ఆ రెండేండ్లు హైదరాబాదు క్లబ్బునకు టిక్కెట్ల రాబడి లేదు. జట్టు మాత్రము అప్పుడే వికసించెను. మనోలో మార్కెస్ అను స్పెయిను దేశపు శిక్షకుడు యువకులను చేరదీసి చక్కగా తీర్చెను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానమున కేరళ జట్టుతో ఫైనలు జరిగెను. కేరళవారు ముందు గోలు చేసిరి. ఆట ముగియవచ్చిన 88వ నిమిషమున సాహిల్ తవోరా కొట్టిన బంతితో లెక్క సమమయ్యెను. తరువాత పెనాల్టీ తన్నులలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని అడ్డగించెను. హైదరాబాదు 3-1 తేడాతో గెలిచి కప్పు నెత్తుకొనెను. మరుసటి సంవత్సరము లీగులో రెండవ స్థానము పొందెను.

ఇంత గెలిచిన జట్టు రెండేండ్లలో ఏమైనదో చూడుడు. 2023-24లో ఆటగాండ్రకు నెలలతరబడి జీతములు అందలేదు. బాకీలు తీర్చువరకు క్రొత్తవారిని చేర్చుకొనరాదని అంతర్జాతీయ ఫుట్‌బాలు సమాఖ్య నిషేధించెను. జనవరి నాటికి విదేశీయులలో పెక్కురును, పేరుగల స్వదేశీయులు పలువురును ఒకరి వెనుక ఒకరు విడిచిపోయిరి. మిగిలిన లేత కుర్రవాండ్రు ఆ చొక్కాలు తొడుగుకొని బరిలో దిగిరి. 22 ఆటలలో గెలిచినది ఒక్కటే. మొత్తము 8 పాయింట్లతో జట్టు అట్టడుగున నిలిచెను. ఓడుచున్న ఆ పిల్లలను ఎవరును నిందింపరాదు. వారు లేకున్న క్లబ్బు ఆ సంవత్సరమే లేకపోయెడిది. 2024లో క్లబ్బు ఢిల్లీకి చెందిన ఒక పారిశ్రామిక సంస్థ చేతులలోనికి పోయెను. 2025లో పేరు మారి, ఊరు మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యెను. పుణెనుండి వచ్చినది ఢిల్లీకి పోయెను. గచ్చిబౌలిలో మైదానము మిగిలెను.

కప్పు వేరు, ఖజానా వేరు. ఇది ఒక్క హైదరాబాదు అనుభవము కాదు. పంజాబులోని ఫగ్వాడాలో జె.సి.టి. మిల్లువారి జట్టుండెను. 1996-97లో జరిగిన మొట్టమొదటి జాతీయ ఫుట్‌బాలు లీగును గెలిచినది అదియే. 2011లో మిల్లు యాజమాన్యము దానిని మూసివేసెను. బొంబాయిలోని మహీంద్రా యునైటెడ్ సైతము పెక్కు కప్పులు గెలిచినదే. 2010లో దానిని కంపెనీ చాలించెను. ఈ జట్లు ఓడి పోలేదు. పోషించుచున్న చేయి వెనుకకు పోయినది, అంతే. ఒక్క కంభముమీద కట్టిన పందిరి ఎంత అందముగానున్నను ఆ కంభము ఉన్నంతకాలమే నీడనిచ్చును. నా మాటను అపార్థము చేసికొనకుడు. జట్లను పోషించిన ధనికులు దోషులని నేననను. తమ సొమ్ము ఏండ్లతరబడి వెచ్చించినవారు వారు. వారు లేకున్న ఆ ఆటలే లేవు. కాని ధర్మముగా ఇచ్చునది ఒకనాడు ఆగిపోవచ్చునని లెక్క వ్రాయువాడు మొదటినుండియు తలచియుండవలెను.

పెద్ద పోషకుడు లేకుండ పైకి వచ్చిన చిన్న క్లబ్బు ఏదైన కలదా యని అడిగినచో, ఐజ్వాలు ఎఫ్.సి. కథ చెప్పవలెను. 2016-17లో ఆ కొండప్రాంతపు క్లబ్బు, తనకన్న ఎన్నోరెట్లు సంపన్నములైన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగళూరు క్లబ్బులను దాటి ఐ-లీగును గెలిచెను. అంతకుముందు సంవత్సరమే అది క్రిందికి జారి, చోటు పోగొట్టుకొని, మరల దయతో చేర్చుకొనబడిన జట్టు. ఐజ్వాలు వీధులన్నియు పండుగ చేసికొనెను. పండుగ ముగియకముందే శిక్షకుడు ఖాలిద్ జమీల్ ఈస్ట్ బెంగాలునకు తరలెను. మంచి ఆటగాండ్రు పలువురు పెద్ద జీతములున్న చోట్లకు పోయిరి. వారి తప్పేమి? ఆటగాని సత్తువ కొద్దికాలముదే యని ముందే చెప్పుకొంటిమి. గెలిచిన గిత్తల జతను అమ్మిన రైతునకు ధరయైన చేతికి వచ్చును. ఒప్పందము ముగిసిన ఆటగాడు వెడలిపోయినచో క్లబ్బునకు రూపాయియైనను రాదు. చిన్న క్లబ్బు గెలుచుటకూడ ఒక ప్రమాదమే యనుట ఇందువలన.

ఈ అన్యాయమును కొంత సరిదిద్దుటకు అంతర్జాతీయ నియమము ఒకటి కలదు. ఒప్పందము నడుచుచుండగా ఆటగానిని ఒక దేశపు క్లబ్బు మరియొక దేశపు క్లబ్బునకు ధరకు ఇచ్చినచో, ఆ ధరలో నూటికి 5 వంతులు తీసి, 12వ ఏటనుండి 23వ ఏటివరకు అతనికి ఆట నేర్పిన క్లబ్బులన్నింటికి పంచవలెను. విత్తు నాటినవానికి పంటలో పాలు ఉండవలెననుట న్యాయమే. ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను ఎన్నో బీదక్లబ్బులకు ఇది ఆధారము. మనదేశపు ఆటగాండ్రు ధర పలికి విదేశములకు పోవుట అరుదు గనుక, మన చిన్నక్లబ్బులకు ఆ పాలు దక్కుటయు అరుదే.

ఇక ఇంగ్లాండు దేశపు ముచ్చట ఒకటి వినుడు. మాంచెస్టరు నగరమునకు ఉత్తరమున బెరీ అను ఊరు కలదు. జనసంఖ్య ఎనుబదివేలకు కొంచెము పైన, అనగా మన నరసరావుపేటకన్న చిన్నది. ఆ ఊరి ఫుట్‌బాలు క్లబ్బు 1885లో పుట్టినది. 1900లోను 1903లోను ఎఫ్.ఏ. కప్పును గెలిచినది. 1894లో లీగులో చేరి, 125 సంవత్సరములు అందులోనే యుండెను. తాతలు కూర్చున్న మెట్టుమీద మనుమలు కూర్చుండి చూచుచుండిరి.

పై తరగతికి ఎక్కినచో టెలివిజను సొమ్ము పెరుగును, ప్రేక్షకులు పెరుగుదురు. అందుచేత ఈ సంవత్సరము అప్పుచేసి మంచి ఆటగాండ్రను తెచ్చి, పైకెక్కి, వచ్చు రాబడితో అప్పు తీర్తమని చిన్న క్లబ్బులవారు ఆశపడుదురు. ఒక్క క్లబ్బు అట్లు తలచినచో కొంత మేలు. లీగులోని 24 క్లబ్బులలో పది అట్లే తలచును, ఎక్కునవి మాత్రము మూడో నాలుగో. మిగిలినవారికి అప్పే మిగులును. మన కథలలో మాచర్ల పక్షమువారు ఒక్క కోడిపోరుమీద రాజ్యమునొడ్డి ఓడి, ఏడేండ్లు వలసపోయిరని వినుచున్నాము గదా. ఆ పందెములో ఒకరైన గెలిచిరి. బెరీ కథలో గెలిచినవారికే చేటు వచ్చెను.

బెరీ యజమానులు రాబడికి మించి జీతములిచ్చిరి. మైదానమును తాకట్టుపెట్టిరి. ప్రేక్షకుల బండ్లు నిలుపు స్థలమును సైతము ముక్కలు ముక్కలుగా అమ్మిరి. 2018 డిసెంబరులో క్లబ్బును ఒక క్రొత్త యజమాని ఒక్క పౌనునకు కొనెను. ఆ ధరలోనే అప్పులెంతయో తెలియుచున్నది. ఆ వసంతమున ఆటగాండ్రకు జీతములు సరిగా అందలేదు. ఐనను వారు ఆడుట మానలేదు. గెలుచుచు గెలుచుచు రెండవ స్థానము పొంది పై తరగతికి ఎక్కిరి. ఊరంతయు సంబరపడెను. కాని అప్పులు తీర్చు దారి చూపవలసినదిగా లీగువారు ఇచ్చిన గడువు దాటిపోయెను. చివరి దినములలో ఆ ఊరివారు చీపుళ్ళు, గుడ్డలు చేతబట్టి, తరువాతి ఆటకొరకు మైదానమును తామే తుడిచి సిద్ధపరచుచుండిరి. ఆ ఆట జరుగలేదు. 2019 ఆగష్టు 27న బెరీని లీగునుండి తొలగించిరి. హైదరాబాదు ఎఫ్.సి. పుట్టిన తేదీయు అదియే. ఒకే దినమున ఒకచోట నూటముప్పదినాలుగేండ్ల క్లబ్బు వీధిన పడెను, వేరొకచోట క్రొత్తది వెలసెను. రెంటిని పట్టినది ఒకే వ్యాధి.

మనదేశమున లీగు సైతము ఆ వ్యాధికి లోనయ్యెను. ఇండియన్ సూపర్ లీగును నడిపిన సంస్థతో అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్య 2010లో పదునైదేండ్ల ఒప్పందము చేసికొనెను. అది 2025 డిసెంబరుతో ముగియనుండగా, తరువాతి సంగతి తేలక 2025 జూలైలో పోటీని ఆపిరి. పోటీ లేనిచో టిక్కెట్లు లేవు, ప్రకటనలు లేవు. ఆగష్టులో బెంగళూరు క్లబ్బు తన ప్రధానజట్టు జీతములను నిలిపెను. పోటీ నడుపుటకు టెండర్లు పిలువగా నవంబరు నాటికి ఒక్క సంస్థయైనను ముందుకు రాలేదు. తుదకు ప్రభుత్వము కలుగజేసికొనగా, 2026 ఫిబ్రవరిలో కుదించిన పోటీ జరుపుటకు నిర్ణయించిరి.

మరి బెరీ ఊరివారు ఏమిచేసిరి? మన కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టు పద్ధతి మీకు తెలియును. ప్రభ ఒకని సొత్తు కాదు, ఊరిది. కలిగినవాడు ఎక్కువ వేయును, లేనివాడు తన శక్తికొలది వేయును, ఏమియు లేనివాడు భుజము పట్టును. ఈ ఏడు పెద్ద చందా ఇచ్చినవాడు మరుసటి ఏడు ఇవ్వకున్నను ప్రభ ఎత్తు రెండుమూరలు తగ్గునేగాని కొండకు పోక మానదు. జర్మనీలో చాలవరకు క్లబ్బులు ఈ పద్ధతినే నడుచుచున్నవి. అచట ఓటులో సగముకన్న ఎక్కువ భాగము క్లబ్బు సభ్యులయొద్దనే యుండవలెనని నియమము. ఆ నియమమువలన కొన్నిచోట్ల డబ్బు తక్కువగా వచ్చుననువారును కలరు. అది నిజమే. నెమ్మదిగా పెరుగుట, నిలిచియుండుట అను రెండును ఒక చేతిలోనివే.

బెరీవారు మొదట క్రొత్త జట్టొకటి కూర్చుకొని, అద్దె మైదానమున, మిక్కిలి క్రింది తరగతిలో ఆడుట మొదలుపెట్టిరి. ప్రభుత్వము ఊరి ఆస్తుల రక్షణకు ఏర్పరచిన నిధినుండి పదిలక్షల పౌన్లు ఇచ్చెను. అభిమానులు, దాతలు తక్కినది కూర్చిరి. 2022లో గిగ్ లేన్ అను తమ పాత మైదానమును కొని తెచ్చుకొనిరి. పాతపేరును నిలుపుకొన్నవారికిని, క్రొత్తజట్టు కట్టినవారికిని నడుమ చాలకాలము పొరపొచ్చములుండెను. ఒకే ఊరివారు ఒకరితో నొకరు మాటలాడుట మానిరి. ఇట్టి తగవులు పల్నాటివారికి వింతగావు. 2023లో ఓటు వేసికొని ఇరుపక్షములును కలిసిరి. అప్పుడు వారి జట్టు ఇంగ్లాండులోని తొమ్మిదవ తరగతిలో ఉండెను. ఆ తరగతి ఆటలకు సాధారణముగా కొన్నివందలమందియే వత్తురు. గిగ్ లేనునకు మాత్రము వేలకొలది వచ్చిరి. 2025లో జట్టు ఆ తరగతిలో మొదటిదై ఎనిమిదవ తరగతికి ఎక్కెను.

వెనుక తాము విడిచిపోయిన లీగు అప్పటికి ఇంకను నాలుగు మెట్ల పైన నుండెను.